మిక్సీ మీద నాన్న చెయ్యి

ఈ రోజు పొద్దున నేను మా మనవరాలి పాలన్నీ పాడుచేశాను. కావాలని చేయలేదని రాయబోయి ఆగాను. ఎందుకంటే కావాలనే చేశాను, కాకపోతే అవి పాలని తెలియక చేశాను. మా కోడలు స్వప్న ప్రసవం తర్వాత మళ్ళీ ఉద్యోగంలో చేరి కొన్ని వారాలైంది. పగలంతా పాప నా భార్య లలిత దగ్గర ఉంటుంది. డబ్బా పాలు పడితే వాటిని నోట్లోనే ఉంచుకొని, మా ముఖాలు ఒకసారి పరిశీలనగా చూసి, పెదవి చివర నుంచి మెల్లగా బయటికి వదిలేస్తుంది. అందుకని స్వప్న ఆఫీసులో ఏదో సామాన్ల గదిలో తలుపేసుకొని కూర్చొని తన పాలు తీసి, చిన్న చిన్న సంచుల్లో పోసి, ఐసు బ్యాగులో ఇంటికి తెచ్చి గడ్డకట్టిస్తోంది. వెనక బాల్కనీలో చిన్న ఫ్రిజ్ ఒకటి వచ్చి కూర్చున్నది అందుకే. ఈ సంగతులన్నీ నాకు ఇవాళ మధ్యాహ్నమే తెలిశాయి. పనిమనిషి యాదమ్మతో సహా ఇంట్లో మిగతా అందరికీ ముందే తెలుసు.

నేను అడగకపోలేదు. ఫ్రిజ్ వచ్చిన మర్నాడే, "అండ్ల ఏమున్నది స్వప్నా?" అని అడిగాను. "ఏం లేదు మామయ్యా" అంది, తల వంచుకొని. కోడలు తల వంచుకొని ఏం లేదంటే ఏదో ఉందని, అది మామ అడగవలసింది కాదని మరెవరైనా గ్రహించేవారు. నేను ఆ మాటను మాటగానే తీసుకొని మనసులో భద్రపరచుకున్నాను. తర్వాత కరెంటు బిల్లు వచ్చింది. ఎండాకాలం బిల్లు చూసిన ప్రతిసారీ నాలో ఒక అధికారి నిద్ర లేస్తాడు. ఇవాళ తెల్లవారగానే నడకకు బయలుదేరుతూ ఆ అధికారి ఇల్లంతా తిరిగాడు. హాల్లో టీవీ ప్లగ్గు పీకాడు, గీజరు కట్టేశాడు, వెనక బాల్కనీలోకి వెళ్ళి చిన్న ఫ్రిజ్ తెరిచాడు. ఒక నీళ్ళ సీసా, సగం కోసిన నిమ్మకాయ. ఆ సగం నిమ్మకాయ కోసం రాత్రింబవళ్ళు ఒక యంత్రం పనిచేస్తోందా అని నాకు ఒళ్ళు మండింది. పైన గడ్డకట్టించే అరకు ఇంకో చిన్న తలుపుంది. అది తీయలేదు. ప్లగ్గు పీకేసి, బంద్ చేసిన ఫ్రిజ్ మూసి ఉంచితే వాసన పడుతుందని తెలిసినవాణ్ణి కనుక, తలుపు సందులో మడిచిన పేపరు పెట్టి మరీ వెళ్ళాను. సైనిక్‌పురి గల్లీల్లో ఈ రోజు నా నడక చాలా హాయిగా సాగింది.

ఎండ ముదిరాక బాల్కనీలో నీళ్ళు కనబడితే వాషింగ్ మెషీన్ పైపు సరిగా పెట్టలేదని యాదమ్మను కోప్పడ్డాను. ఆమె నన్ను చూసి ఏదో అనబోయి, కొంగుతో నోరు మూసుకొని, గుడ్డ తెచ్చి తుడిచింది. మధ్యాహ్నం పాప ఆకలికి ఏడుస్తుంటే లలిత లోపలికి వెళ్ళి, అరచేతిలో మెత్తబడిన సంచి ఒకటి పట్టుకొని వచ్చింది.

"ఆ ప్లగ్ ఎవరు పీకిన్రు?"

"నేనే. అండ్ల ఏం లేదు కదా."

"లేదని ఎవరు చెప్పిన్రు మీకు?"

"స్వప్ననే చెప్పింది."

"మామ అడిగితే కోడలు ఇంకేం చెప్తదండీ? అన్నీ కరిగినయ్. వెచ్చగైనయ్ సుత. ఇంక పనికిరావు. పిల్లకు ఇప్పుడు ఏం పట్టాలె?"

"పాలేనా? పాలు పెద్ద ఫ్రిజ్‌ల ఉన్నయ్ కదా."

"ఆ పాలు కాదు." నాకింకా అర్థం కాలేదని చూసి, గొంతు తగ్గించి, "స్వప్న పాలు" అంది.

వెళ్ళి బాల్కనీలో స్టూలు మీద కూర్చున్నాను. కూర్చున్నాక చూసుకుంటే నా కుడి అరచెయ్యి ఆ ఫ్రిజ్ పక్కన ఆనించి ఉంది, వెచ్చగా ఉందా చల్లగా ఉందా అని. నేను పెట్టిన గుర్తు లేదు. ఆ చెయ్యి నాది కాదు, మా నాన్నది.

మేము చిలకలగూడలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటగది, వెనక ఇరుకు వాకిలి. రైలు పట్టాలు ఎంత దగ్గరంటే గూడ్సు బండి పోతున్నప్పుడు గూట్లో గ్లాసులు వాటంతటవే జరిగేవి. మా నాన్న నర్సింహులు రాణీగంజ్‌లో ఒక ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణంలో సేల్స్‌మన్. పగలంతా కౌంటర్ వెనక నిలబడి, వచ్చినవాళ్ళతో, "అమ్మా, ఈ ఫ్యాన్ కరెంటే తాగదు, రాత్రంతా ఇడిసిపెట్టినా మీటర్‌కు తెల్వదు" అని ప్రేమగా చెప్పేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అదే ఫ్యాను కింద పడుకున్న నన్ను చూసి, "గంట నుంచి తిరుగుతున్నదారా ఇది? మీటర్‌ను మింగుతది" అనేవాడు. ఈ రెండు మాటల మధ్య ఆయనకు ఏ తేడా కనిపించేది కాదు. ఒకటి ఉద్యోగం, ఒకటి సంసారం.

నాన్నకు ఒక సూత్రం ఉండేది: మనుషులున్న కాడ లైటు కాదు, లైటున్న కాడ మనుషులుండాలె. దాని ప్రకారం మా ఇంట్లో పొద్దు గూకితే ముందు గదిలో ఒక్క ట్యూబ్‌లైట్ వెలిగేది. దాని కింద మేమందరం రైల్వే ప్లాట్‌ఫారం మీద ప్రయాణికుల్లా సర్దుకునేవాళ్ళం. నేను పుస్తకాలతో, అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ, నానమ్మ వత్తులు చేసుకుంటూ, నాన్న ఎవరిదో పాడైపోయిన స్టెబిలైజర్ విప్పుకొని. గదికీ వంటగదికీ మధ్య గోడలో పైన ఒక ఇటుక తీయించి, ఆ కంతలో చిన్న బల్బు పెట్టించాడు. సగం వెలుగు ఇటు, సగం వెలుగు అటు. నిజానికి ఎటూ వచ్చేది కాదు. వంటింట్లో అమ్మ వెలుగుతో వండేది కాదు, చెవులతో, ముక్కుతో వండేది. ఆవాలు చిటపటమనడం ఆగితే ఉల్లిగడ్డలు, ఉల్లిగడ్డల పచ్చివాసన పోతే పసుపు. ఒకసారి చాయ్‌పత్తా డబ్బా అనుకొని మిరియాల పొడి వేసింది. నానమ్మ ఆ చాయ్ తాగి, దగ్గుకు మంచిగున్నదని ఇంకో గ్లాసు అడిగింది.

ఆదివారం ఇస్త్రీ. వారం మొత్తానికి ఒక్కసారే పెట్టె వేడెక్కాలి. వేడి ఎక్కుతుండగా నా నైలాన్ బుష్‌షర్టు, పూర్తిగా ఎక్కాక నాన్న కాటన్ ప్యాంట్లు, ఆ తర్వాత ప్లగ్గు పీకేసి మిగిలిన వేడితో అమ్మ చీరలు, ఇంకా మిగిలితే చేతిరుమాళ్ళు. నాన్న ఒక్కో బట్టా అందుకుంటూ, "జల్ది, జల్ది, వేడి పోతున్నది" అని తొందర పెడుతుంటే అది ఇస్త్రీలా ఉండేది కాదు, ఎక్కడో మంటలంటుకుంటే సామాన్లు బయటికి చేరవేస్తున్నట్టుండేది. అన్నీ అయ్యాక పెట్టెలో ఇంకా కాస్త గోరువెచ్చదనం ఉంటే పాత దుప్పటి ముక్కలో చుట్టి నానమ్మ మోకాలి మీద పెట్టేవాళ్ళు. ఆమె కళ్ళు మూసుకొని, "ఇంక రెండు ప్యాంట్లు ఎక్కువ కుట్టించుకోరాదురా నర్సింలూ" అనేది.

అప్పుడప్పుడూ సాయంత్రం పూట తనిఖీ ఉండేది. మా మీటరు ముందు వాకిట్లో, అద్దం వెనక అల్యూమినియం చక్రం తిరిగే పాత రకం. నాన్న దాని ముందు నిలబడి, "అన్నీ బంద్ చెయ్‌రి" అని కేకేసేవాడు. ఇల్లంతా చీకటయ్యేది. చక్రం నిలబడిందో లేదో కనబడాలి కదా, దానికి అగ్గిపుల్ల గీసేవాడు. అది ఆరిపోతే ఇంకోటి. లోపల్నుంచి నానమ్మ, "అగ్గిపుల్లలు మీ అత్తగారిస్తున్నరారా?" అనేది. చక్రం మీద ఎర్ర గీత ఆగిపోయి కనబడగానే నాన్న ముఖం చూడాలి. జ్వరం దిగిన బిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు.

మిక్సీ ఆ ఇంట్లోకి దసరాకు వచ్చింది. దుకాణం సేటు నాన్నకు బహుమతిగా ఇచ్చాడు. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, నాలుగు వాడలకు వినబడేట్టు ఒక్కసారి తిప్పి చూసింది. అంతే, నాన్న దాన్ని చుట్టాల కోసమని నిర్ణయించాడు. రోజూ రుబ్బడానికి వెనక వాకిట్లో రోలుంది కదా, రోలు కరెంటు తినదు కదా అన్నాడు. అమ్మ కుడి మణికట్టు అప్పటికే వాచి ఉండేది. రుబ్బడం మొదలుపెట్టే ముందు ఎడమ చేత్తో దాన్ని కాసేపు పిసుక్కునేది. నేను రోజూ చూసేవాణ్ణి. చూసి ఏమీ అనుకోలేదు. మా ఇంట్లో రోలుంది, తలుపుంది, అమ్మ మణికట్టు వాపుంది, అన్నీ ఒకే వరసలో ఉండేవి.

అమ్మ ఒక దారి కనిపెట్టింది. నాన్నకు వారంలో ఒక మధ్యాహ్నం సెలవు. ఆ రోజు ఆయన ముందు గదిలో కునుకు తీస్తుంటే, గూడ్సు బండి చప్పుడు దూరంగా వినబడగానే అమ్మ జార్‌లో పప్పు వేసి సిద్ధంగా నిలబడేది. బండి మా ఇంటి వెనక్కి రాగానే మిక్సీ షురూ. బండి ఎంత పొడవుంటే పచ్చడి అంత మెత్తగా ఉండేది. మిగతా రోజుల్లో నాన్న దుకాణంలో ఉంటాడు కనుక ఆ జాగ్రత్త కూడా అక్కర్లేదు. మా ఇంట్లో చట్నీలు అంత బాగా కుదిరింది ఆ రోజుల్లోనే. ఈ ఏర్పాటు ఎందుకు చెడిందో చెప్పాలంటే నా గురించి చెప్పాలి. నేను నాన్న మనిషిని. ఎవరు ఏ లైటు మరిచిపోయారో ఆయన అడగకముందే చెప్పేవాణ్ణి. మెచ్చుకోలుగా తల నిమిరితే చాలు, నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఒక సాయంత్రం ఆయన చెప్పులు విడుస్తుంటే, "నాన్నా, అమ్మ రైలు వచ్చినప్పుడు మిక్సీ తిప్పుతది" అన్నాను.

నాన్న నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. మిక్సీ పొట్ట మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, డాక్టరు రోగిని చూసినట్టు.

"ఇది వెచ్చగెందుకున్నది?"

"ఎండ పడ్డది" అంది అమ్మ.

"వంటింట్లకు ఎండ ఎటు నుంచి వస్తదే?"

"ఆ ఇటుక తీసిన కాడికెళ్ళి."

ఆ తర్వాత రోజూ ఇంటికి రాగానే ఆ చెయ్యి మిక్సీ మీదికి వెళ్ళేది. అమ్మ దాని మీద తడిగుడ్డ వేసి చల్లబరిచి చూసింది. అయినా తెలిసేది. ఎన్నాళ్ళు సాగిందో గుర్తులేదు కానీ, ఒక సెలవు మధ్యాహ్నం అమ్మ నానబెట్టిన మినప్పప్పు గిన్నె తెచ్చి నాన్న ముందు పెట్టింది. కోపం లేదు, ఏడుపు లేదు.

"ఇగ నేను మిక్సీ తిప్ప. జెర ఈ పప్పు రుబ్బి పెట్టున్రి."

"నేనా?"

"చెయ్యి ఎవలదైతేంది, రోలు కరెంటు తినదు కదా."

నానమ్మ గోడకు ఆనుకొని, కాళ్ళు చాపుకొని, నాటకం చూడ్డానికి వచ్చినట్టు కూర్చుంది. నాన్న బనీను మీద రోలు ముందు చతికిలబడి పొత్రం తిప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి పొత్రం ఆగింది. "ఆగొద్దు బిడ్డా, పిండి గట్టిపడ్తది" అంది నానమ్మ. తిప్పాడు. మళ్ళీ ఆగింది. "నీళ్ళు చల్లు." చల్లాడు. "గంత కాదు." చెమట ముక్కు మీంచి రోట్లో పడుతుందేమోనని నానమ్మ నన్ను పిలిచి తువ్వాలతో ఆయన ముఖం తుడవమంది. నేను తుడుస్తూ ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. మరునాటి దోసెలు మందంగా, గరుగ్గా వచ్చాయి. వాటినే అందరం తిన్నాం. ఆ రోజు దుకాణంలో పై అరలోంచి ఫ్యాను డబ్బా దించబోయి భుజం పట్టేసి, సేటుతో పిల్లవాణ్ణి ఎత్తుకుంటే పట్టిందని చెప్పాడట. నన్ను ఎత్తుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది.

మిక్సీ వాడుకో అని నాన్న నోటితో అనలేదు. కానీ ఆ వారం నుంచి సాయంత్రం గేటు దగ్గరికి రాగానే దగ్గేవాడు. జలుబు దగ్గు కాదు, ఇంట్లోవాళ్ళకు తెలియడానికి దగ్గే దగ్గు. లోపల మిక్సీ ఆగేది. ఆయన వెంటనే లోపలికి వచ్చేవాడు కాదు. నల్లా దగ్గర కాళ్ళు కడుక్కునేవాడు, మళ్ళీ కడుక్కునేవాడు, మడమలు రుద్దుకునేవాడు, మిక్సీ చల్లబడే దాకా. తర్వాత వచ్చి, దాని వైపు చూడకుండా, చాయ్ అడిగేవాడు. బల్బు సంగతి, ఇస్త్రీ సంగతి, మీటరు ముందు అగ్గిపుల్లల సంగతి చివరిదాకా అట్లాగే ఉన్నాయి. చెయ్యి మాత్రం మళ్ళీ మిక్సీ మీద పడలేదు.

నాకు నాన్న నుంచి చెయ్యి వచ్చింది, దగ్గు రాలేదు. ఇన్నేళ్ళుగా నేను ఈ ఇంట్లో టీవీ వెనక, చార్జర్ల మీద, మోటారు మీద ఆ అరచెయ్యి ఆనించుకుంటూ తిరుగుతున్నాను. ఇప్పటి ఇళ్ళలో చీకటనేదే లేదు, అన్ని దీపాలూ ఆర్పినా ఏదో పెట్టె మీద ఎర్ర చుక్క, ఇంకేదో పెట్టె మీద పచ్చ చుక్క మినుకుమినుకుమంటూనే ఉంటాయి. వాటిని ఆర్పడం తప్పని నేననను. మా అబ్బాయి కిరణ్ ఖాళీ గదిలో ఏసీ వదిలేసి వెళ్తే ఇప్పటికీ కట్టేస్తాను, రేపూ కట్టేస్తాను. నేను చూసుకోనిది వేరే ఉంది. చిలకలగూడ ఇంట్లో మేము మీటరు ఆపినప్పుడల్లా ఏదో ఒక పని కరెంటు లేకుండా జరిగింది, ఆ పని ఎప్పుడూ అమ్మే చేసింది. మేం మగవాళ్ళం ఆపిన చక్రాన్ని చూసుకొని సంతోషించాం. ఇవాళ నేను పీకిన ప్లగ్గు వెనక ఒక పిల్ల ఆఫీసులో సామాన్ల గదిలో, అట్టపెట్టెల మధ్య, ఎవరైనా తలుపు తడతారేమోనని చెవి అటు వేసి కూర్చున్న మధ్యాహ్నాలన్నీ ఉన్నాయి. అన్నీ బాల్కనీలో నీళ్ళయ్యాయి. ఆ నీళ్ళకు నేను యాదమ్మను కోప్పడ్డాను.

లోపల పాప ఏడుపు పెరిగింది. లలిత డబ్బా పాలు కలిపి పట్టింది. పాప వాటిని దాని పద్ధతిలోనే తిరిగి ఇచ్చింది. "స్వప్నకు ఫోన్ చెయ్యి" అన్నాను లలితతో.

"నేనెందుకు చేస్తా? పీకింది మీరు, చెప్పేది సుత మీరే."

చేశాను. మామా కోడళ్ళం ఇంతవరకు కూరగాయలు, గ్యాస్ సిలిండరు తప్ప వేరే సంగతి ఫోన్లో మాట్లాడుకోలేదు.

"అమ్మా స్వప్నా, ఆ చిన్న ఫ్రిజ్... పొద్దున నేనే బంద్ చేసిన. తెల్వక."

అవతల ఏదో తలుపు వేసుకున్న చప్పుడైంది. తర్వాత, "అన్నీ పోయినయా మామయ్యా?" అంది.

"అన్నీ."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపించింది.

"పాప ఏడుస్తున్నదా?"

"ఏడుస్తున్నది. నేనొస్తున్న. ఇప్పుడు నువ్వు ఏది ఇస్తే అది పట్టుకపోత."

ఐసు బ్యాగు స్వప్న దగ్గరే ఉంటుందట. నేను ఖాళీ చేతులతో క్యాబ్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్ళి, క్లాక్ టవర్ దగ్గర వాళ్ళ ఆఫీసు మెట్ల కింద నిలబడ్డాను. స్వప్న దిగి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం కడుక్కొని వచ్చింది. బ్యాగు నా చేతికిస్తూ, "మామయ్యా, దీన్ని ఎండల పెట్టొద్దు, అటూ ఇటూ ఊపొద్దు" అంది. పెడతానా అమ్మా అన్నాను. పొద్దున ప్లగ్గు పీకినవాణ్ణి కనుక ఆ మాట నాకే నమ్మకంగా వినబడలేదు.

"నువ్వు చెప్పలేదని నేను అనను" అన్నాను. "అండ్ల ఏమున్నదని అడగవలసిన పనే లేదు నాకు. బంద్ చెయ్యాల్నా వద్దా అని అడిగితే సరిపోతుండె."

స్వప్న తలెత్తి నన్ను చూసింది. "ఇంక ఆ ప్లగ్గు జోలికి ఎవ్వరూ పోవద్దు మామయ్యా" అంది. ఎవ్వరూ అన్నది మర్యాద కోసం. మా ఇంట్లో ప్లగ్గుల జోలికి పోయేది నేనొక్కణ్ణే.

"పోను. మళ్ళ ఫ్రిజ్ నిండేదాక రోజూ ఈ టైముకు నేనే వస్త."

ఆమె టైము చూసుకుంది. "జల్ది పోండి, పాప ఆగదు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బ్యాగును ఒళ్ళో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకున్నాను. ఏసీ గాలి సరిగ్గా దాని మీద పడేట్టు గాలి రెక్కలు వంచాను. డ్రైవర్‌తో ఇంకా పెంచమన్నాను. "చలి పెడ్తది సార్" అన్నాడు. పెట్టనీ అన్నాను. చేతిరుమాలు చెవులకు చుట్టుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి యాదమ్మను పిలిచి, పైపు తప్పేమీ లేదు, నేను ఊరికే అరిచాను అని చెప్పాను. "నాకెరికే సార్" అంది, వెనక పాప ఏడుపు వినబడుతుండగా. నేరేడ్‌మెట్ చౌరస్తాలో సిగ్నల్ పడింది. ముందర పెద్ద వరస ఉంది. డ్రైవర్ తాళం చెవి మీద చెయ్యి వేసి, "దండగ సార్, జెర సేపు ఇంజన్ బంద్ చేస్త" అన్నాడు.

వద్దన్నాను.